తమ్ముని బొంత

అమీర్‌పేట,
28 ఏప్రిల్ 2024

చెల్లె నాగేశ్వరికి,

నీ మనవరాలు మా ఇంటికి క్షేమంగా చేరింది. మీ అల్లుడు మహేశ్ మొన్న పొద్దున్నే కామారెడ్డి బస్సు దిగి, కూతురినీ బ్యాగునూ గుమ్మంలో పెట్టి, టీ కూడా తాగకుండా సనత్‌నగర్ ఫ్యాక్టరీకి పరుగెత్తాడు. ఇల్లరికం కాదు గదయ్యా, కాసేపు కూర్చుంటే ఏం పోతుందని మీ బావ అడిగితే నవ్వాడు గానీ ఆగలేదు. ధాత్రి ఏడవలేదు. చెప్పులు విప్పి, ఇల్లంతా ఓసారి తిరిగొచ్చి, "పెద్దమ్మమ్మా, మీ ఇంట్ల కుర్చీల మీద గిన్ని బట్టలెందుకున్నయి?" అని అడిగింది. ఆరేళ్ళ పిల్ల, వచ్చీ రాగానే మీ బావ పక్షం చేరిపోయింది.

ఆ బట్టల సంగతి నీకు చెప్పాను గదా. వారానికి రెండు రోజులు పంజాగుట్టలో జానకీదేవి గారి దగ్గర ముక్కల బొంత నేర్చుకుంటున్నాను. అమ్మ కుట్టినట్టు పాత చీరలు మడతలు పెట్టి కుట్టేది కాదిది. రంగు రంగుల గుడ్డ ముక్కలు ఒకే కొలతకు కత్తిరించి, ఒకదానికొకటి కలిపి, కింద పల్చగా దూది, ఆ కింద ఓ పాత చీర పరిచి, మూడింటినీ పట్టి సన్న కుట్లు వేయాలి. ముక్కలకు కొదవలేదు. మా వీధి చివర మ్యాచింగ్ సెంటర్ వాళ్ళు, కింద వాటాలో టైలర్ మిగిలినవన్నీ నాకే ఇస్తారు. జానకీదేవి గారు కోస్తా మనిషి, మాట మెత్తన. "ఏంటండీ సీతాబాయి గారూ, ఇంత తొందర? ఎవరైనా తరుముతున్నారా?" అంటూనే నేను రెండు రోజులు కుట్టింది మొత్తం విప్పించేస్తుంది. నేనూ నవ్వుతూనే విప్పుతాను, ఇంటికొచ్చి తిట్టుకుంటాను.

క్లాసున్న రోజు మా ఇంట్లో పప్పు మాడుతుంది. ఒకసారి సూది గుచ్చుకున్న దగ్గర్నుంచి మీ బావ కూర్చోబోయే ముందు కుర్చీని చేత్తో తడిమి చూస్తాడు. ధాత్రి ఉన్నన్నాళ్ళూ గుడ్డలన్నీ ట్రంకు పెట్టెలో పడేద్దామనుకున్నాను. కానీ అది చాప మీద కూర్చుని ముక్కలన్నీ రంగుల వారీగా కుప్పలు పోస్తోంది. ఎరుపంటే దానికి పడదట. నిన్న మెట్రోలో ఒక్క స్టేషనే గదా అని క్లాసుకు కూడా తీసుకుపోయాను. అక్కడ అందరి ఒళ్ళోనూ కూర్చుని వచ్చింది.

నవీన కాళ్ళ వాపు తగ్గిందా? రెండో కాన్పే అయినా నాకు ఈసారి గుబులుగా ఉంది. డాక్టరు పడుకోమంటే అది పడుకునే రకం కాదు. జూన్ మొదట్లో ధాత్రిని తీసుకుని నేనే వస్తాను, కాన్పయ్యేదాకా ఉంటాను. నీకు చెవులు దాదాపు పోయాయి, మరిది గారు లేరు. ఇంట్లో వినబడే మనిషి ఒకరుండాలి. నాకు కడుపున పుట్టినవాళ్ళు లేరు. ఇంటర్, డిగ్రీ చదివినన్నాళ్ళూ నవీన మా ఇంట్లోనే ఉంటే అది నా బిడ్డేననుకున్నాను. ఆ మాట నీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను.

ఫోనులో నీకు వినబడదు, వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు నవీన చదువుతుంది. అందుకే ఈ కాగితాలు. పోస్టాఫీసు కౌంటర్లో మనిషి నన్ను వింతగా చూశాడు, చూడనీ.

నీ మొండితనానికి అలవాటుపడిన
అక్క


కామారెడ్డి,
6 మే 2024

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. ధాత్రిని ఎండలో తిప్పకు. సూదులు దానికి అందకుండా పెట్టు. అది దేన్నైనా ముందు నోట్లో పెట్టుకుని చూస్తుంది.

నవీనకు బీపీ ఉందన్నారు. ఉప్పు మానిపించాను. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలట. అది మంచం మీద, నేను వంటింట్లో. పిలిస్తే నాకు వినబడదు కాబట్టి పళ్ళెం మీద చెంచాతో కొడుతుంది. అదీ వినబడకపోతే దిండు విసురుతుంది. నిన్న ఆ దిండు వచ్చి చారు గిన్నెలో పడింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఎదురుగా ఉంటే నాకే ఇబ్బందీ లేదు, దాని పెదవులు చూసి మాట పట్టుకుంటాను. వేరేవాళ్ళ మాట అంత బాగా పట్టుకోలేను. నా కూతురు నాకోసం నోరు పెద్దగా తెరిచి, నెమ్మదిగా మాట్లాడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ధాత్రి ఫోనులో తల్లితో, "తమ్మునికి బొంత అయితున్నది, నేనే రంగులు చెప్తున్న" అందట. నవీన నవ్వుతూ నాకు చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అమ్మ ఎట్లా చేసేదో మరిచిపోయావా? నెలలు నిండే వేళకు పాత చీరలు ఉతికి, ఆరేసి, మూటకట్టి అటక మీద పెట్టేది. బిడ్డ ఏడుపు చెవిన పడ్డాకే ఆ మూట దించేది. అప్పటిదాకా ఇంట్లో ఎవరినీ సూది ముట్టనిచ్చేది కాదు. కడుపులో ఉన్న బిడ్డకు కుట్టకూడదు అక్కా. ఇది నేను పుట్టించిన మాట కాదు.

నిజంగానే కుడుతున్నావా? ఉన్నదున్నట్టు రాయి. నువ్వు వచ్చే సంగతి తరువాత చూద్దాం.

నాగేశ్వరి


అమీర్‌పేట,
14 మే 2024

నాగేశ్వరికి,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వే ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డట్టుంది. ఆ బొంత క్లాసు పని. అందరితోనూ ముందు చిన్నది కుట్టించడం జానకీదేవి గారి పద్ధతి. చిన్నది కనబడగానే నీ మనవరాలు దాన్ని తమ్ముడికి రాసిచ్చేసింది. పిల్ల మాట పట్టుకుని నన్ను బోనెక్కిస్తావా? అయినా చెల్లే, నా కిటికీలోంచి చూస్తే మెట్రో రైలు పోతుంటుంది, నువ్వింకా అటక మీద మూట దగ్గరే ఉన్నావు. గుడ్డ ముక్కకు ఇంత భయపడితే ఎట్లా?

ఇక్కడ నాకు ఊపిరాడడం లేదు. మీ బావ అక్క మనవరాలు మంజూష మైత్రీవనంలో ఏదో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కని వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో చేరింది. అక్కడి సాంబారు నచ్చక రోజు విడిచి రోజు మా ఇంటికే వస్తోంది. వచ్చేటప్పుడు ఒక స్నేహితురాలిని కూడా తెస్తుంది. పిల్లలు తింటే నాకు సంతోషమే. కానీ భోజనాల బల్ల మీద బొంత పరిచి ఉంటే అందరూ కింద కూర్చుని తినాల్సి వస్తోంది. మీ బావకు మోకాళ్ళు వంగవు. ఆయనొక్కడూ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటూ, "ఈ ఇంట్ల గుడ్డలకున్న మర్యాద మనిషికి లేదు" అని మంజూషతో చెప్పుకున్నాడు. ఆ పిల్ల అతి తెలివిది, ఆయన మాటకు తల ఊపుతూనే నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

నేను కుట్టేది ఇంటి పని తెమిలాకే. ధాత్రి పడుకున్న మధ్యాహ్నం పూట ఓ గంట దొరికితే అదే గొప్ప. ఆ గంటసేపు నన్నెవరూ ఏమీ అడగరు. నీకు చెప్పినా అర్థం కాకపోవచ్చు, నీ ఇంట్లో ఎప్పుడూ బిడ్డలో మనవలో ఉన్నారు. నాకు ఒక వస్తువు మొదలుపెట్టి పూర్తి చేయడమంటే ఇదొక్కటే.

జూన్ ఒకటో తారీఖుకు వస్తాను. నవీనకు ఏమేం తినాలనుందో అడిగి రాయి.

అక్క


కామారెడ్డి,
22 మే 2024

అక్కకు,

క్లాసు పని అన్నావు. సరే. కానీ ధాత్రి నిన్న మళ్ళీ తల్లికి ఫోను చేసి, దాని మీద పసుపు ముక్కలు అమ్మ కాలేజీ లంగావని చెప్పిందట. క్లాసు పనికి నా కూతురి లంగా ఎందుకు కత్తిరించావు? నేను నీ అంత చదువుకోలేదు గానీ అంత తెలివితక్కువదాన్ని కాదు.

నా భయం నీకు నవ్వులాటగా ఉంది. మెట్రోలో తిరిగేదానివి, నవ్వుతావు. నువ్వు కనలేదు. కన్నవాళ్ళ భయం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. ఇంతకంటే ఏం రాయను.

జూన్‌లో నువ్వు రావద్దు. చెవులు లేకపోయినా నాకు కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి. నా బిడ్డను నేను చూసుకోగలను. బడి తెరిచే ముందు మహేశ్ వచ్చి ధాత్రిని తీసుకొస్తాడు.

నవీన నిన్ను అడిగానని చెప్పమంది.

నాగేశ్వరి


కామారెడ్డి,
9 జూన్ 2024

అక్కా,

అంతా నీకు మహేశ్ ఫోనులో చెప్పాడట. మగపిల్లవాడు. తల నిండా జుట్టుంది. పోయిన ఆదివారం సాయంత్రం ఆపరేషన్ చేసి తీశారు. నేను అందరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాను. నర్సు ముఖం, డాక్టరు ముఖం, మహేశ్ ముఖం. ఎవ్వరి ముఖంలోనూ ఏమీ కనబడలేదు. అప్పుడు అర్థమైంది.

నవీన బతికింది. అంతవరకు దేవుడు ఉన్నాడు.

పిల్లవాణ్ణి పట్టుకుపోయే ముందు చుట్టడానికి మెత్తటి గుడ్డ ఏదైనా ఉందా అని అడిగారు. మహేశ్ బ్యాగులో చెయ్యి పెట్టి నీ బొంత తీశాడు. పసుపు ముక్కలు, తెల్ల ముక్కలు. పూర్తిగా కుట్టి, అంచులు మడిచి, ఒక మూలన చిన్న పిట్ట బొమ్మ కూడా వేశావు. అది క్లాసు పని కాదు. నువ్వు నాకు అబద్ధం రాశావు. నేను వద్దన్న తరువాత కూడా కుట్టి ముగించావు, ముగించి పంపించావు. అది ఇంట్లోకి రాకముందే పిల్లవాడు పోయాడు.

దాంట్లోనే చుట్టారు. దాంతోనే పూడ్చారు.

నువ్వు ఇటు రాకు. నిన్ను చూస్తే నేనేమంటానో నాకే తెలియదు. నవీన ముందు ఆ మాటలు అనడం నాకిష్టం లేదు.

నాగేశ్వరి


అమీర్‌పేట,
16 జూన్ 2024

నాగేశ్వరికి,

ఎన్నో కాగితాలు చింపి ఇది రాస్తున్నాను.

ముందు అబద్ధం సంగతి. అది పిల్లవాడి కోసం కుట్టిందే. వెనక వేసింది నా నేత చీర, పైన నవీన లంగా. నువ్వు వద్దని రాశాక రెండు మూడు రోజులు ముట్టుకోలేదు. తరువాత మనసు ఆగక ముగించి, బీరువాలో దాచాను. కాన్పయ్యాక, పురుడు వెళ్ళాక తెద్దామనుకున్నాను. నేను పంపలేదు. ఆ ఆదివారం మహేశ్ మా ఇంట్లో అన్నం తింటున్నాడు. మీ పై వాటా సంగీత ఫోను చేసింది. అతను చెయ్యి కూడా కడగకుండా లేచాడు. పిల్లను భయపెట్టడం ఇష్టం లేక, "తమ్ముడొస్తున్నడు, నేను పోతున్న" అన్నాడు. ధాత్రి పరుగెత్తుకెళ్ళి బీరువాలోంచి బొంత తీసి వాళ్ళ నాన్న బ్యాగులో కుక్కింది. నేను చూశాను. ఆపలేదు. ఆ క్షణాన నాకు సంతోషం కూడా కలిగింది, నీ దగ్గర దాచను. అతనితో పాటే బయల్దేరదామని చెప్పులేసుకున్నాను, నువ్వు రావద్దన్న మాట గుర్తొచ్చి మళ్ళీ విప్పేశాను.

కానీ చెల్లే, బొంత వల్ల బిడ్డ పోడు. డాక్టరు చెప్పిందంతా మహేశ్ నాకు చెప్పాడు. బీపీ ఒక్కసారిగా ఎక్కి మూర్ఛలు వచ్చాయట. అంతకు ముందే తలనొప్పి, కళ్ళు మసకలు మొదలై ఉంటాయట. ఇంకొంచెం ముందుగా తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నదట. దీంట్లో నా సూది ఎక్కడుంది? నీ దుఃఖం నాకు తెలుసు. కానీ చేయని పాపాన్ని నా నెత్తిన పెట్టకు. ఆ పిల్లవాణ్ణి నేను కూడా ఎత్తుకోవాలనుకున్నాను.

సంగీతే చూసి ఆటో పిలిచిందట గదా. నువ్వప్పుడు బజారుకు పోయావా? మహేశ్‌ను అడిగితే సరిగ్గా చెప్పలేదు.

ధాత్రి వెళ్ళిపోయింది. వెళ్ళేదాకా ఒకటే ప్రశ్న, తమ్ముడికి బొంత నచ్చిందా అని. నచ్చిందని చెప్పాను. ఇంకేం చెప్పమంటావు? అక్కడ మీరు ఏం చెప్పారో నాకు రాయండి, మా మాటలు కలవాలి గదా. మంజూష వచ్చి అన్నం తిని గిన్నెలు కడిగిపెట్టి వెళుతోంది, అడక్కుండానే. మీ బావ గుడ్డ ముక్కలన్నీ బల్ల మీద నుంచి తీసి పెట్టెలో సర్దాడు. ఇప్పుడు బల్ల ఖాళీగా ఉంది, ఆయన మాత్రం ఇంకా పళ్ళెం ఒళ్ళోనే పెట్టుకుంటున్నాడు. జానకీదేవి గారు రెండుసార్లు ఫోను చేశారు. ఒంట్లో బాగాలేదన్నాను.

నవీన చేత ఒక్కసారి ఫోను చేయించు. దాని గొంతు వింటే చాలు.

అక్క


కామారెడ్డి,
2 జూలై 2024

అక్కా,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నేను బజారుకు పోలేదు. ఇంట్లోనే ఉన్నాను.

అన్నాలు తిన్నాక నవీన తల బరువుగా ఉందంటే పడుకోమని చెప్పి పెరట్లోకి పోయాను. మబ్బు పట్టింది, ఎండబోసిన మిరపకాయలు ఎత్తుతున్నాను. వాన పడేలోపల ఎత్తాలనే ధ్యాసలో ఉన్నాను. తల ఎత్తేసరికి సంగీత మెట్లు దిగి నా పక్కనుంచే లోపలికి పరుగెత్తుతోంది. నేను చాట పట్టుకుని దాని వెనక పోయాను. నవీన మంచం పక్కన కింద పడి ఉంది. పళ్ళెం ఒక వైపు, చెంచా ఒక వైపు, దిండు గడప దాకా వచ్చి పడుంది.

ఎంతసేపు పిలిచిందని సంగీతను అడిగాను. "జరసేపే అత్తమ్మా" అంది. అని చూపు పక్కకు తిప్పుకుంది. పై వాటాలో టీవీ పెట్టుకున్నదానికి వినబడింది, నాకు వినబడలేదు.

నవీన నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడితే తింటుంది, మందు ఇస్తే వేసుకుంటుంది. గోడవైపు తిరిగి పడుకుంటుంది. అది అటు తిరిగితే నాకు మాటే లేదు అక్కా. దాని పెదవులు కనబడాలి గదా. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుంటాను, ధాత్రితో మాట్లాడుతోందేమో కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళలో చెవులు పోయాయని నేనెన్నడూ ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఒక్కసారి ఇటు తిరిగింది. నోరు పెద్దగా తెరిచి, నెమ్మదిగా, ఎప్పటిలాగే అడిగింది. "అమ్మా, నేను పిలిస్తే నీకు నిజంగ ఇనపడలేదా?"

నేనేం చెప్పాలి? "అదంతా పెద్దమ్మ బొంత వల్లనే బిడ్డా, కడుపుల ఉన్నప్పుడు కుట్టింది" అన్నాను. నా ముఖంలోకి చూసింది. "పెద్దమ్మ గట్ల ఒప్పుకుంటదా?" అంది. మళ్ళీ గోడవైపు తిరిగింది.

నువ్వు ఒక్క మాట రాయి అక్కా. బొంత వల్లనే అని రాయి. నీ మాట అది నమ్ముతుంది, చిన్నప్పటి నుంచీ నీ మాటే దానికి గురి. నేను నిన్ను రావద్దన్నాను. నువ్వొచ్చి ఉంటే నీకు వినబడేది. ఇది తలుచుకుంటే నాకు నిద్ర లేదు. ఆ బొంత కాకపోతే ఇంకేముంది, నేనే ఉన్నాను. నా బిడ్డ నా ఇంట్లోనే ఉండి, నాకు ముఖం చూపించకపోతే నేను బతకలేను.

అడగకూడనిది అడుగుతున్నానని తెలుసు.

నీ
నాగేశ్వరి


అమీర్‌పేట,
10 జూలై 2024

చెల్లెకు,

ఈ కవరులో రెండు కాగితాలు ఉన్నాయి. ఇది నీకు. చదివి పొయ్యిలో పెట్టు. రెండోది నవీనకు.

నీ ఉత్తరం మీ బావకు చూపించలేదు. ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. ఆయన జండూబామ్ తెచ్చి బల్ల మీద పెట్టి బయటికి పోయాడు, వాకింగ్‌కని.

బొంత వల్ల పిల్లవాడు పోలేదని నాకు తెలుసు. నీకూ తెలుసు. నీ వల్ల కూడా పోలేదు. మిరపకాయలు ఎత్తడం పాపం కాదు, చెవులు పోవడం పాపం కాదు. ఎదురుగా ఉంటే నీ గడ్డం పట్టుకుని చెప్పేదాన్ని. కానీ నేను ఎన్నిసార్లు చెప్పినా నవీన గోడవైపు నుంచి తిరగదు. దానికి ఇప్పుడు కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి నువ్వైతే మీరిద్దరూ ఒక ఇంట్లో ఉండలేరు. దానికి తల దువ్వాలి, వేళకు అన్నం పెట్టాలి, పాలు గడ్డకట్టకుండా చూడాలి. నేనంటావా, ఇంత దూరంలో ఉన్నాను. నా మీద ఎంత కోపమున్నా అక్కడ ఏ పనీ ఆగదు.

నాకు బాధ లేదని మాత్రం రాయను. నవీన నా గుమ్మం ఎక్కదు. ధాత్రిని సెలవులకు పంపరు. మహేశ్ వాళ్ళమ్మ ఈ మాట ఊరంతా చెబుతుంది, బిడ్డలు లేనిదాని చెయ్యి అట్లాగే ఉంటుందని అనేవాళ్ళు అంటారు. ఎప్పుడైనా నవీనకు మళ్ళీ నెల తప్పితే ఆ కబురు నాకు ఎవరూ చెప్పరు. ఇవన్నీ ఆలోచించుకునే రాశాను. రాసేటప్పుడు మధ్యలో లేచి రెండుసార్లు ముఖం కడుక్కున్నాను.

కన్నవాళ్ళ భయం నాకు తెలియదని రాశావు. అది చదివి నీ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నిజంగానే లేదు.

దీనికి జవాబు రాయకు. మన మధ్య ఉత్తరాలు నడుస్తుంటే నవీన ఆ కాగితాన్ని నమ్మదు.

అక్క


నవీనా,

మీ అమ్మ చెప్పింది నిజం.

కడుపులో ఉన్న బిడ్డకు సూది పట్టకూడదని మన ఇంట్లో పెద్దవాళ్ళు అంటూనే వచ్చారు. అది తెలిసీ నేను కుట్టాను. మీ అమ్మ వద్దని రాసింది, అయినా కుట్టాను. అడిగితే క్లాసు పని అని అబద్ధం చెప్పాను, ముగించి దాచాను. నా సరదా నాకు ఎక్కువైంది. నీ బిడ్డ నా చేతి వల్ల పోయాడు. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. కాన్పుకు నేను వస్తానంటే మీ అమ్మ రావద్దన్నది కూడా అందుకే, నా వల్ల నీకు కీడు జరుగుతుందని ఆమె ముందే భయపడింది.

ఇక నేను బొంతలు కుట్టను. గుడ్డలన్నీ కింద టైలర్‌కు తిరిగి ఇచ్చేశాను.

నా మీద ఎంత కోపముంటే అంతా ఉంచుకో. నాకు ఫోను చేయొద్దు, నేను కూడా చేయను. ధాత్రి అడిగితే పెద్దమ్మమ్మ ఊళ్ళో లేదని చెప్పు.

ఆ రోజు నువ్వు పిలిచింది వినబడి ఉంటే మీ అమ్మ చేతిలోవన్నీ పారేసి వచ్చేది. ఆ సంగతి నీకు నేను చెప్పాలా? ఇది చదవడం అయ్యాక ఇటు తిరుగు బిడ్డా. ఆమె నీ ముఖం కోసమే కూర్చుని ఉంటుంది.

పెద్దమ్మ